ఆ పిల్లాణ్ని ఫ్రెంచ్ బడికి పంపమన్నది ఎవరు?

గత ఏడాది మా చెల్లికి ఎం.ఏ. ఇంగ్లిష్‌లో సెమినార్ పడింది. టాపిక్: ఆఫ్రికన్ నవలలో మత విశ్వాసం, పాశ్చాత్య ప్రభావం. పుస్తకం ‘యాంబిగ్యువస్ అడ్వెంచర్’. ‘అన్నయ్యా, రేపటికల్లా పీపీటీ కావాలి’ అంది. నేను ఇంజినీరింగ్ చదివి, టెక్ బ్లాగ్ రాసుకునేవాణ్ని. ఆ నవల పేరు కూడా అప్పుడే వినడం. నెట్‌లో దొరికిన రెండు సమ్మరీలు కలిపి పది స్లైడ్లు చేసిచ్చాను. మొదటి స్లైడ్ మీద పెద్దక్షరాలతో ‘పాశ్చాత్య విద్యను వ్యతిరేకించిన నవల’ అని పెట్టాను.

సెమినార్‌లో మేడమ్ ఒకే ఒక్క ప్రశ్న అడిగారట. ‘సరేనమ్మా, మరి ఆ పిల్లాణ్ని ఫ్రెంచ్ బడికి పంపాలని పట్టుబట్టింది ఎవరు?’ చెల్లి దగ్గర జవాబు లేదు. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఆ సిగ్గుతోనే పుస్తకం తెప్పించుకుని చదివాను. నా మొదటి స్లైడే తప్పని అప్పుడు తెలిసింది.

మీలో కొందరు సాహిత్యం చదువుతుండొచ్చు. నెట్, సెట్‌లకు ప్రిపేర్ అవుతుండొచ్చు. మిగతావాళ్లు ‘మాకెందుకు ఈ నవల?’ అనుకోవచ్చు. ఒక్క పది నిమిషాలు ఆగండి. ఇందులో ఉన్నది ఉద్యోగం వెతుక్కునే ప్రతి ఒక్కరి ప్రశ్నే.

ఇంతకీ కథేంటి?

రచయిత షేక్ హమీదూ కాన్. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దేశం, మాతామ్‌లో 1928లో పుట్టారు. ముందు ఖురాన్ బడి, తర్వాత ఫ్రెంచ్ బడి, ఆపైన పారిస్‌లో న్యాయశాస్త్రం, తత్వశాస్త్రం. ఈ నవలను ఫ్రెంచ్‌లో రాశారు. సెనెగల్‌కు 1960లో స్వాతంత్ర్యం వస్తే, పుస్తకం 1961లో వచ్చింది. రెండు వందల పేజీలు కూడా ఉండదు.

కథానాయకుడు సాంబా డియాలో. డియాలోబే అనే ముస్లిం సమాజంలో పెద్దింటి పిల్లాడు. థియెర్నో అనే వృద్ధ గురువు దగ్గర ఖురాన్ నేర్చుకుంటుంటాడు. ఒక్క అక్షరం తప్పు పలికినా గురువు కఠినంగా శిక్షిస్తాడు. అదే గురువుకు ఆ పిల్లాడంటే ప్రాణం. తన తర్వాత తన స్థానంలో కూర్చోగలిగేవాడు వీడే అనుకుంటాడు. ఇంతలో ఫ్రెంచ్‌వాళ్ల బడి వస్తుంది. పిల్లల్ని పంపాలా, వద్దా? ఊరంతా తేల్చుకోలేకపోతుంది. చివరికి సాంబా ఆ బడికి వెళ్తాడు. అక్కణ్నుంచి పారిస్‌కు వెళ్లి తత్వశాస్త్రం చదువుతాడు. చదువుతున్నకొద్దీ చిన్నప్పటి ప్రార్థన దూరమైపోతుంది. తండ్రి ఉత్తరం రాసి వెనక్కి పిలిపిస్తాడు. ఊరొచ్చాక కథ విషాదంగా ముగుస్తుంది.

సమ్మరీలో ఇంతే ఉంటుంది. అసలు విషయం దీని మధ్యలో ఉంది.

మేడమ్ అడిగిన ప్రశ్నకు జవాబు

పిల్లల్ని ఫ్రెంచ్ బడికి పంపాలని పట్టుబట్టింది ఫ్రెంచ్ అధికారి కాదు. ఊరి నాయకుడి అక్క. ఇంగ్లిష్ అనువాదంలో ఆమెను ‘మోస్ట్ రాయల్ లేడీ’ అంటారు. ఆమె మతం మీద నమ్మకం లేని మనిషి కాదు, ఫ్రెంచ్‌వాళ్లంటే మోజు ఉన్న మనిషీ కాదు. ఆ బడి తనకు నచ్చదని సభలో అందరి ముందూ ఒప్పుకుంటుంది. ఆడవాళ్లు మామూలుగా రాని సభకు ఆడవాళ్లనూ పిలిపించి మరీ మాట్లాడుతుంది. ఆమె వాదన సూటిగా ఉంటుంది: మన తాతలు పోరాడి ఓడిపోయారు. ఎందుకు ఓడిపోయామో తెలియాలంటే, గెలిచినవాళ్ల దగ్గరికే వెళ్లి నేర్చుకోవాలి. ఆ చదువుతో మన పిల్లలు మనకు కాకుండా పోవచ్చని కూడా ఆమెకు తెలుసు. తెలిసే పంపమంటుంది.

నాయకుడి భయం వేరు. పిల్లలు అక్కడ నేర్చుకునేది ఎంత, ఇక్కడిది మరిచిపోయేది ఎంత, ఆ రెండూ సరితూగుతాయా అని. మరి గురువు? పంపమనీ చెప్పడు, వద్దనీ చెప్పడు. ఊరి పేదరికం ఆయనకు కనబడుతూనే ఉంటుంది. గట్టి ఇళ్లు కట్టే విద్య ఆ బడిలో ఉందని తెలుసు. ఆ విద్య వస్తూ వస్తూ పిల్లల మనసులోంచి దేవుణ్ని తీసుకుపోతుందేమోననేదే ఆయన బెంగ.

చూశారా? ముగ్గురూ ఒకే ఊరివాళ్లు, ఒకే విశ్వాసం ఉన్నవాళ్లు. ముగ్గురికీ పిల్లల మీద ప్రేమే. అయినా మాట కలవదు. దీన్ని నేను ‘వ్యతిరేకించిన నవల’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను!

ఎలా చదవాలి?

1. సమ్మరీ చివర్లో చదవండి. ముందు నవల. మొదటి భాగం సెనెగల్‌లో, రెండో భాగం ఎక్కువగా పారిస్‌లో నడుస్తుంది. రెండింటికీ మధ్య ఒక రోజు విరామం ఇవ్వండి.

2. ఒక టేబుల్ వేసుకోండి. గురువు, నాయకుడు, ఆయన అక్క, సాంబా తండ్రి, పారిస్ స్నేహితురాలు లూసియెన్. ఒక్కొక్కరి ఎదురుగా రెండే గడులు: ఏం కావాలనుకుంటున్నారు, దేనికి భయపడుతున్నారు. ఇది మాత్రం నా ఇంజినీరింగ్ అలవాటే, కానీ బాగా పనిచేసింది. ‘మంచివాళ్లు, చెడ్డవాళ్లు’ అనే గడి పెట్టాలనిపిస్తే పెట్టకండి.

3. విశ్వాసాన్ని లోపలి నుంచి చూడండి. గురువు కొట్టే దృశ్యం చదవగానే మనకు కోపం వస్తుంది. రావాల్సిందే. కానీ అదే పేజీల్లో ఆ పిల్లాడికి అర్థం కూడా తెలియని ఆ వాక్యాల మీద ఎంత ప్రేమో గమనించండి. ఆ అందం పట్టుకోకపోతే, పారిస్‌లో అతను ఏం పోగొట్టుకున్నాడో అర్థం కాదు.

4. చిన్న పాత్రల్ని వదలకండి. ఊళ్లో అందరూ ‘పిచ్చివాడు’ అనే మనిషి ఒకడుంటాడు. యూరప్‌లో ఉండి, అక్కడేదో చెదిరిపోయి తిరిగొచ్చినవాడు. గురువు చనిపోయాక సాంబానే గురువనుకుని ప్రార్థన చేయమని వెంటపడేది అతనే. సాంబా చేయలేకపోతాడు. చివరికి అతని చేతుల్లోనే చనిపోతాడు. ఇక డెంబా అనే కుర్రాడు థియెర్నో తర్వాత గురువై, పిల్లలు ఫ్రెంచ్ బడికి కూడా వెళ్లేలా తన బడి వేళలు మారుస్తాడు. సమ్మరీల్లో ఇతను దాదాపు కనిపించడు. నాకైతే నవలలో దారి చూపించిన ఒకే ఒక్క మనిషి ఇతనే అనిపించింది.

5. ఇంకో నవలతో పోల్చండి. నైజీరియా రచయిత చినువా అచెబే ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (1958) మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. అక్కడ మిషనరీలు, ప్రభుత్వం బయటి నుంచి వచ్చి ఊరిని చీలుస్తాయి. ఇక్కడ గొడవంతా ఒక్క మనిషి లోపలే. ఈ తేడా పట్టుకుంటే సెమినార్‌లో సగం పని అయినట్టే.

పరీక్షలు రాసేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి: ఫ్రెంచ్ పేరు ‘లావెంచ్యూర్ ఆంబిగ్యూ’, 1961. ‘గ్రాండ్ ప్రీ లిటరేర్ ద ఆఫ్రిక్ న్వార్’ బహుమతి 1962లో. ఇంగ్లిష్‌లోకి అనువదించింది కేథరిన్ వుడ్స్. ‘ది లిటిల్ ప్రిన్స్’ తొలి ఇంగ్లిష్ అనువాదం కూడా ఆమెదే.

మరి మనకేంటి?

నేను ఊరు వదిలి హైదరాబాద్ హాస్టల్‌కు వచ్చి పదేళ్లు దాటింది. కోర్సులు మారాయి, టూల్స్ మారాయి. రెజ్యూమెలో నేర్చుకున్నవాటికి ఒక పెద్ద లిస్టు ఉంది. మరిచిపోయినవాటికి లిస్టు లేదు. నాన్నమ్మ ఫోన్ చేస్తే రెండు నిమిషాల తర్వాత ఏం మాట్లాడాలో తెలియడం లేదని ఈ నవల చదివాకే ఒప్పుకున్నాను. డియాలోబే నాయకుడి ప్రశ్న నన్నే అడిగినట్టు అనిపించింది.

అలాగని ఊరికి తిరిగి వెళ్లిపొమ్మని ఈ పుస్తకం చెప్పదు. రచయితనే చూడండి. సాంబా లాగే రెండు బళ్లూ చదివారు, సాంబా లాగే పారిస్ వెళ్లారు. తిరిగొచ్చి స్వతంత్ర సెనెగల్‌లో గవర్నర్‌గా, మంత్రిగా పనిచేశారు. తన పాత్ర నిలబడలేకపోయిన చోట తాను నిలబడ్డారు. వెళ్లడం తప్పు కాదు. ఏం వదులుతున్నామో తెలియకుండా వెళ్లడమే ప్రమాదం. ఆ నాయకుడి అక్క తెలిసే పంపింది. అందుకే ఆమె మాట ఇప్పటికీ బరువుగా ఉంటుంది.

ఇంటర్వ్యూలో ‘ఈమధ్య ఏం చదివారు?’ అని అడిగితే ఈ నవల పేరు చెప్పొచ్చు. కానీ చదివే చెప్పండి. తర్వాతి ప్రశ్న సమ్మరీలో ఉండదు. కావాలంటే మా చెల్లిని అడగండి. ఈసారి తనే పుస్తకం చదివి, సెమినార్ మళ్లీ ఇచ్చింది. నన్ను స్లైడ్లు ముట్టుకోనివ్వలేదు.