చెనిక్కాయలకు పరస... అనపకాయలకు జాతర!

* మన మెట్టచేల పంటకు బెంగళూరులో ఏటా రెండు పండగలు
* కార్తీకంలో ఒకటి, సంక్రాంతి ముంగిట ఇంకొకటి
* అక్కడ జనం పెరుగుతున్నారు... ఇక్కడ చేలు తగ్గుతున్నాయి

కెంచార్లహళ్ళి: దేవుడికి తిరణాల చేయడం తెలుసు. ఎద్దులకు పరస జరగడమూ తెలుసు. మరి చెనిక్కాయలకు పరస జరుగుతుందంటే నమ్ముతారా? జరుగుతుంది. అదీ ఏ మారుమూల పల్లెలోనో కాదు. మెట్రోరైళ్ళు, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల బెంగళూరులో, బసవనగుడి నడిబొడ్డున! కార్తీకమాసం ఆఖరి సోమవారం వచ్చిందంటే బుల్ టెంపుల్ రోడ్డుకు రెండు పక్కలా కాయల రాసులే. ఉప్పేసి ఉడకబెట్టినవి ఒకచోట, ఇసకలో వేయించినవి ఇంకోచోట, మట్టి వదలని పచ్చికాయలు మరోచోట. ఇసకేస్తే రాలనంత జనం. కన్నడంలో దీన్ని 'కడలేకాయి పరిశె' అంటారు.

ఇందులో మనకేం సంబంధం అంటారా? చాలానే ఉంది. ఆ రాసులు పోసేవాళ్ళలో చింతామణి, శ్రీనివాసపురం, కోలారు, చిక్కబళ్ళాపురం వైపు వాళ్ళు ఏటా ఉంటారు. మాగడి, మండ్య, తుమకూరు వైపు నుంచీ వస్తారు. సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల నుంచి కూడా మూటలు దిగుతాయి. కన్నడం, తెలుగు, తమిళం మూడూ కలిసి వినబడే బేరం అది. ఒకరు 'సేరు ఎష్టు?' అంటే పక్కనున్నాయన 'సేరెంత?' అంటాడు. సేరు కొలిచాక గుప్పెడు కొసరు అడగడం మాత్రం ఏ భాషవాళ్ళకైనా ఒకటే!

ఎద్దు మేసిన చేను

ఈ పరసకు ఒక కథ ఉంది. ఇప్పటి బసవనగుడి ఒకప్పుడు సుంకేనహళ్ళి అనే పల్లె. ఆ పల్లె, చుట్టుపక్కల గుట్టహళ్ళి, మావళ్ళి, దాసరహళ్ళి రైతులు చెనిక్కాయలు పండించేవాళ్ళట. కాయ ఊరే సమయానికి పున్నమి రాత్రుల్లో ఒక ఎద్దు వచ్చి చేనంతా మేసి పోయేదట. రైతులు కాపు కాసి, కోపం పట్టలేక కొట్టబోతే అది రాయిగా మారిపోయిందట. వచ్చింది సాక్షాత్తూ బసవన్నే అని తెలుసుకుని, చేసిన పనికి బాధపడి, ఏటా తొలి పంటను ఆయనకే పెడతామని మొక్కుకున్నారట. ఆ మొక్కే ఈ పరస.

ఆ రాయి ఏటికేడు పెరుగుతుంటే తలమీద త్రిశూలం దిగగొట్టి ఆపారని కూడా చెబుతారు. దొడ్డ బసవణ్ణ గుడిలోని నందిని చూస్తే ఆ కథ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. ఒకే రాతిలో మలిచిన విగ్రహం. ఎత్తు సుమారు 15 అడుగులు, పొడవు 20 అడుగులు. గుడి బెంగళూరు కట్టిన కెంపేగౌడ కాలంనాటిదని చెబుతారు. ఆయన నగరానికి కోట కట్టింది 1537లో. గుడి పక్కనే దొడ్డ గణపతి. పరసనాడు నందికి చెనిక్కాయలు సమర్పిస్తారు, భక్తులకు ప్రసాదంగా పంచుతారు.

లెక్క కుదురుతుందా?

కథ ముచ్చటగానే ఉంది. అయితే చిన్న చిక్కు. చెనిక్కాయ మన నేల పంట కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు సముద్రాలు దాటించిన పంటల్లో ఇదీ ఒకటి. దక్షిణాదిలో ఇది విపరీతంగా విస్తరించింది 19వ శతాబ్దంలో. అప్పట్లో ఫ్రాన్సులోని మార్సేయి రేవులో ఉన్న నూనె, సబ్బు కర్మాగారాలకు పుదుచ్చేరి మీదుగా కాయలు ఓడలకెక్కేవి. అంటే కెంపేగౌడ కోట కట్టేనాటికి సుంకేనహళ్ళిలో చెనిక్కాయ చేలు ఉండటం కష్టమే. గుడి పాతది, మొక్కూ పాతది కావచ్చు. మొదట వేరే ధాన్యమేదో పెట్టేవాళ్ళేమో, చెనిక్కాయ తర్వాత వచ్చి చేరిందేమో.

పేరు చూసినా అదే తెలుస్తుంది. కన్నడంలో 'కడలె' అంటే శనగ. కడలేకాయి అంటే శనక్కాయ. మనమూ అంతే, వేరుశనగ అన్నాం. శనక్కాయ కాస్తా నోట్లో నలిగి చెనిక్కాయ అయింది. కొత్తగా వచ్చిన పంటకు రెండు భాషలవాళ్ళూ ఇంట్లో ఉన్న శనగల పేరే పెట్టుకున్నారన్నమాట.

ఇలా ప్రశ్నలు అడగడం ఆ పేటకు కొత్త కాదు. మన గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టిన హెచ్.నరసింహయ్య, చదువు కోసం బెంగళూరుకు నడిచి వెళ్ళిన పేదపిల్లాడు. తర్వాత అదే బసవనగుడి నేషనల్ కాలేజీకి ప్రిన్సిపాలయ్యారు. బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరయ్యారు. ఏదైనా నమ్మేముందు ఎందుకు, ఎలా అని అడగమని జీవితమంతా చెప్పారు. గౌరిబిదనూరు, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు రావడానికీ ఆయనే మూలం. 2005లో కన్నుమూసేదాకా ఆయన ఇల్లు కాలేజీ హాస్టలే.

కార్తీకమే ఎందుకంటే...

దేవుడి సంగతి అటుంచితే, రైతు లెక్క ఇంకోటుంది. ముంగారు వానలకు జూన్, జులైలో విత్తితే నాలుగు నెలలకు పంట చేతికొస్తుంది. పీకి, కాయలు దులిపి, కళ్ళంలో ఎండబెట్టేసరికి కార్తీకం. కొత్తకాయ దొరికే నెలకే పరస పెట్టుకున్నారు. పచ్చికాయ ఉడకబెట్టుకుంటే వచ్చే కమ్మదనం ఎండుకాయకు ఎక్కడిది?

కాయల్లోనూ రకాలున్నాయి. పరసలో నాటి, సామ్రాట్, బాదామి అని పేర్లు చెప్పి అమ్ముతారు. మన చేలలో మాత్రం దశాబ్దాలుగా టీఎంవీ-2 మాటే ఎక్కువ. తమిళనాడు తిండివనంలో తయారైన విత్తనం అది. తర్వాత సరిహద్దు అవతలి కదిరి పరిశోధన కేంద్రం నుంచి కదిరి రకాలు వచ్చాయి.

కాయలొక్కటే అనుకునేరు! బెండు బత్తాసులు, బొరుగులు, గాజులు, పిల్లల పీపీలు, రంగులరాట్నాలు... తిరణాలలో ఉండేవన్నీ ఉంటాయి. కెంపాంబుధి చెరువులో తెప్పోత్సవం జరిగిన ఏళ్ళూ ఉన్నాయి. ఒకప్పుడు ఒకటి రెండు రోజుల ముచ్చట ఇది. 2020లో కరోనా వల్ల ఆగిపోయింది. 2025లో మాత్రం నవంబరు 17 నుంచి 21 దాకా ఏకంగా ఐదు రోజులు జరిపారు. మల్లేశ్వరంలోని కాడు మల్లేశ్వర గుడి దగ్గరా ఇలాంటి పరసే జరుగుతుంది.

జనవరిలో అనపకాయల వంతు

చెనిక్కాయల సందడి ముగిసి నెల తిరిగేసరికి అనపకాయల జాతర. కన్నడంలో 'అవరెబేళె మేళ'. విశ్వేశ్వరపురంలో సజ్జన్‌రావు సర్కిల్ దగ్గరి తిండి వీధిలో వాసవి కాండిమెంట్స్ దుకాణంవాళ్ళు సుమారు పాతికేళ్ళ కిందట మొదలుపెట్టారు. జనం తాకిడి ఎక్కువై, ఈమధ్య ఏళ్ళలో నేషనల్ కాలేజీ మైదానానికి మారింది.

మనకు అనపకాయలంటే రాగిసంగట్లోకి పితికిపప్పు కూర. మహా అయితే ఉప్మాలోకి నాలుగు గింజలు. అక్కడ చూడాలి! పితికిపప్పు దోసె, పితికిపప్పు ఓళిగ, పితికిపప్పు జిలేబీ, జామూను... ఆఖరికి ఐస్‌క్రీం కూడా! మన అవ్వలు వింటే ముక్కున వేలేసుకుంటారు.

ఇంకో విశేషం. బెంగళూరు పేరుకే గింజల కథ ఉంది. అడవిలో దారి తప్పిన వీరబల్లాల రాజుకు ఒక ముసలమ్మ ఉడికించిన గింజలు పెడితే, ఆ చోటికి 'బెంద కాళూరు' అని పేరొచ్చిందంటారు. బేగూరులో దొరికిన సుమారు క్రీ.శ. 890 నాటి వీరగల్లు మీదే బెంగళూరు అన్న పేరు ఉంది కాబట్టి, అంతకు చాలా తర్వాత వచ్చిన బల్లాలుడి కథ నిలవదు. అయితేనేం, గింజలంటే ఆ ఊరికి ఎంత ఇష్టమో ఆ కథే చెబుతోంది.

సొగడు ఎక్కడినుంచి వస్తుంది?

అనపకాయ కొనేవాళ్ళు ముందు చేసే పని వాసన చూడటం. కాయ పైతొక్కకు అంటుకునే జిడ్డులో ఉంటుంది ఆ ఘాటు వాసన. దాన్నే 'సొగడు' అంటారు. చలికాలపు మంచు పడితే అది ఇంకా ఎక్కువ. నాటురకం అనప పొద్దు తగ్గే రోజుల్లోనే పూస్తుంది. అందుకే రాగిచేలో సాళ్ళుగా వేసిన అనప, రాగి కోసుకున్నాక మార్గశిర, పుష్యాల్లో కాపుకొస్తుంది. ఒక చేను, రెండు పంటలు. రాగి పోయినా అనప ఆదుకునేది.

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం పొద్దుతో పనిలేకుండా ఏడాది పొడవునా కాసే హెబ్బాళ అవరె-3, 4 రకాలను తయారుచేసింది. రైతుకు మేలే. కాకపోతే నాటుకాయ సొగడు వీటికి రాదని తినేవాళ్ళ ఫిర్యాదు.

మరి మన చేలలో?

అసలు విషయం ఇక్కడుంది. పట్నంలో పరస రోజులు పెరుగుతున్నాయి. ఇక్కడ చెనిక్కాయ సాళ్ళు తగ్గుతున్నాయి. ఏడాదంతా పారే ఏరు లేని సీమ మనది. బోర్లు వెయ్యి అడుగులు దాటి పోతున్నాయి. అంత ఖర్చుపెట్టి నీళ్ళు తెచ్చినవాడు నాలుగు నెలల చెనిక్కాయ వేస్తాడా? టమాట వేస్తాడు, మల్బరీ వేస్తాడు. నీళ్ళు లేనివాడికి వానే దిక్కు. ఊడ నేలలోకి దిగి కాయ కట్టేటప్పుడు వాన మొహం చాటేస్తే పొల్లుకాయలే. పంట పీకాక వాన దిగితే కళ్ళంలోనే మొలకలు. 2021 నవంబరులో పడ్డ అకాల వానలు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. రాగి, చెనిక్కాయ రెండూ తడిసి ముద్దయ్యాయి.

పైగా అడవి పందులు. విత్తనం ఖరీదు. కాయలు పీకడానికి మనిషి దొరకదు. ఒకప్పుడు సాయంత్రమయ్యేసరికి కూలీ కింద కాయలే కొలిచి ఇచ్చేవాళ్ళు. వాటితో ఆ ఇంట్లో పిల్లలకు కార్తీకమంతా తిండి. ఇప్పుడు ఆ కొలతలూ లేవు, ఆ కళ్ళాలూ తగ్గాయి.

పరసలో రాశి పోసినవాళ్ళంతా రైతులనుకుంటే పొరపాటు. రైతు దగ్గర మూటలెక్కన కొని, అక్కడ సేర్లెక్కన అమ్మే వ్యాపారులు చాలామంది. వాళ్ళ కష్టం వాళ్ళది. రోడ్డుపక్క నిద్ర, చలి, పోలీసుల గదమాయింపు. కానీ మూటకూ సేరుకూ మధ్య ఉన్న తేడా మాత్రం చేనుకు చేరడం లేదు. నలుగురు రైతులు కలిసి ఒక టెంపో మాట్లాడుకుని, తమ కాయలు తామే తీసుకెళ్ళి అమ్ముకుంటే ఆ తేడాలో కొంతైనా ఇంటికొస్తుంది.

ఇంకో లెక్క కూడా చూడాలి. బెంగళూరు వాడి వదిలిన నీళ్ళు శుద్ధి అయి ఇటు వస్తున్నాయి. కోరమంగల-చల్లఘట్ట లోయ నీళ్ళు 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు, ఆ తర్వాత హెబ్బాళ-నాగవార లోయ నీళ్ళు చిక్కబళ్ళాపుర జిల్లా చెరువులకు మళ్ళాయి. మూడో దశ శుద్ధి కూడా చేయాలని రైతు సంఘాలు అడుగుతూ వచ్చాయి. మనం పంపేది కొత్తకాయ, మనకు వచ్చేది వాడిన నీరు. ఆ నీళ్ళు బాగా శుభ్రం చేసి పంపమనడం గొంతెమ్మ కోరికేం కాదు కదా!

వెళ్ళిరావాలంటే

చింతామణి నుంచి హొసకోటె మీదుగా బెంగళూరు బస్సెక్కితే డెబ్భై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి మెట్రోలో గ్రీన్‌లైన్ నేషనల్ కాలేజీ స్టేషన్లో దిగితే నడిచి పోయేంత దూరం. పరస రోజుల్లో ఆ దారిలో బండ్లు కదలవు కాబట్టి నడకే మేలు. చేతిసంచి ఇంటినుంచే పట్టుకెళ్ళండి. పొద్దున్నే వెళితే కాయ చూసి ఏరుకోవచ్చు. సాయంత్రం వెళితే దీపాల సందడి చూడొచ్చు.

రాశి దగ్గర కూర్చున్నవాళ్ళను 'ఏ ఊరు మీది?' అని తెలుగులోనే అడిగి చూడండి. 'చింతామణి పక్క' అని జవాబు రావచ్చు. కొసరు గుప్పెడు కాదు, రెండు గుప్పిళ్ళు పడినా పడొచ్చు!