ప్రొద్దుటూరు: ప్రత్తి, పసిడి

బ్రహ్మంగారిమఠము ప్రాంతమున ఒక యింట పెండ్లి నిశ్చయమైనచో నగలకై మొదట తలపునకు వచ్చు పట్టణము ప్రొద్దుటూరు. పెన్నానది యొడ్డుననున్న యీ పట్టణమును రెండవ బొంబాయి యని పిలుచుట కలదు. అందలి యతిశయోక్తిని మన్నింతము. దాని వెనుకనున్న శ్రమను మాత్రము తెలిసికొనవలసియున్నది.

చుట్టునున్న నల్లరేగడి నేలలలో పండిన ప్రత్తి జిన్నింగు మిల్లులకు చేరును. అచట యంత్రము గింజనుండి దూదిని వేరుచేయును. దూది బేళ్ళుగా బిగింపబడి నూలుమిల్లులకు పోవును. గింజనుండి నూనె తీయుదురు, మిగిలిన చెక్క పశువులకు దాణా యగును. పందొమ్మిదవ శతాబ్దమున త్రవ్విన కర్నూలు-కడప కాలువ తుంగభద్ర నీటిని ఈ సీమకు తెచ్చుటచే వరి, పసుపు పంటలును తోడైనవి.

పంట సొమ్ములో కొంత పసిడిగా మారుట మన ఆచారము. అందుచే ప్రత్తి వ్యాపారము ప్రక్కనే బంగారు వ్యాపారమును పెరిగినది. అంగడిలో కనబడునది వర్తకుడు. సందులో కుంపటి ముందు వంగి కూర్చుండువాడు స్వర్ణకారుడు. 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చి, 14 క్యారట్లకు మించిన క్రొత్త నగలు చేయరాదన్నపుడు దేశమందంతటను ఈ వృత్తివారు పనులు కోల్పోయిరి. నియంత్రణ చట్టము 1990లో రద్దయినది. నేడు యంత్రముపై తయారగు నగలు వారికి పోటీ.

కొనువారికొక మాట. 22 క్యారట్ల నగపై 916 అను అంకెయు, 2023 ఏప్రిల్ 1 నుండి అమ్మకమునకు తప్పనిసరియైన ఆరక్షరముల హాల్‌మార్కు సంఖ్యయు చూడవలెను. తరుగు, మజూరి వేరువేరుగా వ్రాసిన బిల్లు అడుగుటకు మొగమాటము వలదు.

దసరా దినములలో అమ్మవారిశాల యందలి యుత్సవములను చూచుటకు పల్లెలనుండి జనము తరలివచ్చును. శివతాండవమును రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులు నివసించినదియు ఈ యూరనే. ఇక వీరబ్రహ్మేంద్రస్వామి విశ్వబ్రాహ్మణులు, శిష్యుడు సిద్దయ్య దూదేకుల వాడు. కమ్మరి, కంసాలి పనుల కులము, దూది నేకు కులము. ప్రొద్దుటూరి రెండు వృత్తులును మఠములో గురుశిష్యులై యున్నవనుకొనుట మాకు ముచ్చట.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమునందలి 18 వృత్తులలో స్వర్ణకారవృత్తి యొకటి. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయము, 5 శాతము వడ్డీపై రెండు విడతలుగా 3 లక్షల వరకు అప్పు అందు నిర్ణయింపబడినవి. పల్లెవాని దరఖాస్తును మొదట పరిశీలించునది గ్రామపంచాయతీయే. అచట నది నిలిచిపోయినచో పైకి కదలదు. కావున సభ్యులు తమ యూరి స్వర్ణకారులు, కమ్మరులు, వడ్రంగుల పేళ్ళు వ్రాసికొని, ఎవరి కాగితము ఎచట నున్నదో వచ్చు సమావేశమున అడుగవలెను.