పాత ల్యాప్‌టాపునకు క్రొత్త వైఫై కార్డు

ఈ మధ్య మన యిండ్లలో నొక మాట తరచుగా వినబడుచున్నది. "ఈ ల్యాప్‌టాపు పాతదైనది, దీనికి నెట్టు సరిగా అందదు, క్రొత్తది కొనవలసినదే" యని. ఈ మాట పిల్లలనుండి తండ్రులకును, తండ్రులనుండి అంగడివారికిని పోయి, అచ్చటినుండి ఇరువదివేలో ముప్పదివేలో రూపాయల లెక్కగా మారి గృహిణి యెదుటికి వచ్చును. ఆ లెక్కకు తలయూపుటకు ముందుగా ఆమె తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. పది పండ్రెండేండ్లనాటి ల్యాప్‌టాపులో తెర, మీటలు, లోపలి యంత్రము అన్నియు సరిగా పనిచేయుచుండగా, రూటరునుండి వచ్చెడి సంకేతమును పట్టుకొను చిన్న బిళ్ల యొకటి మాత్రమే కాలము చెల్లినదై యుండుట కలదు. ఆ బిళ్లయే వైఫై కార్డు. చాల ల్యాప్‌టాపులలో అది వేరుగా అమర్చబడి యుండును. ఒకటి రెండు మరలు విప్పి దానిని తీసి, మరియొకటి పెట్టుకొనవచ్చును.

శబ్దము ఆకాశమునకు గుణమని మన తార్కికులు చెప్పిరి. ఈ కార్డు వినునది శబ్దము కాదు, రేడియో తరంగము. దానికి రెండు దారులు ముఖ్యములు. 2.4 గిగాహెర్ట్జుల దారి దూరము పోవును, గోడలను బాగుగా దాటును. కాని బ్లూటూత్ పరికరములు, మైక్రోవేవ్ పొయ్యి, ఇరుగుపొరుగు రూటరులు అన్నియు నా దారినే త్రొక్కుచుండుటచే అచ్చట సంతనాటి రద్దీ యుండును. 5 గిగాహెర్ట్జుల దారి విశాలమైనది, వేగము గలది. గోడ లడ్డు వచ్చినచో త్వరగా నీరసించును. 2009లో ఖాయమైన 802.11ఎన్ పద్ధతి రెండు దారులను ఎరిగినదే యైనను, ఆనాటి చవుకరకపు కార్డులు చాలవరకు మొదటి దారినే యెరుగును. తరువాత 2013లో ఏసీ పద్ధతియు, 2021లో ఏఎక్స్ పద్ధతియు వచ్చినవి. కార్డు మాత్రము తాను పుట్టిననాటి విద్యతోనే మిగిలిపోవును.

ఇది మగవారి విద్య యని యెవరైన ననినచో నొక పేరు చెప్పవచ్చును. 1942లో హెడీ లమార్ అను సినిమా నటి, జార్జి ఆంథైల్ అను సంగీతకర్తతో కలిసి, రేడియో సంకేతము ఒక తరంగమునుండి మరియొకదానికి గంతులు వేయుచు శత్రువుల కందకుండునట్టి పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందినది. నేటి బ్లూటూత్ కూడ అట్లు గంతులు వేయుచునే నడచును.

ల్యాప్‌టాపు విప్పుటకు ముందు దమ్మిడీ ఖర్చులేని పరీక్షలు కొన్ని చేయవలయును. కొన్నిటికి ప్రక్కన వైఫైని ఆర్పెడి చిన్న మీట యుండును. అది పిల్లల చేతిలో జరిగిపోయి యుండవచ్చును. ఫోనులకు అందుచున్న వైఫై పేరు ల్యాప్‌టాపులో కనబడనే కనబడనియెడల, రూటరు 5 గిగాహెర్ట్జులకు మాత్రమే పెట్టబడినదేమో చూడుడు. పేరు కనబడియు, సరియైన సంకేతపదము నిచ్చినను చేర్చుకొననిచో, రూటరు డబ్ల్యూపీఏ3 అను క్రొత్త రక్షణకు మాత్రమే పెట్టబడి యుండవచ్చును. పాత కార్డు లనేకము లా భాష నెరుగవు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండును కలసిన పద్ధతికి మార్చినచో సరిపోవును. రూటరు అడుగున అచ్చువేసిన చిరునామాను ఫోనులో తెరచి యీ మార్పులు చేయవచ్చును. ఇంతమాత్రమునకే క్రొత్త ల్యాప్‌టాపు కొన్న యింటిని మే మెరుగుదుము.

మా వీధిలో కుట్టుపనిచే కుటుంబమును నడుపు తల్లి యొకతె గలదు. డిగ్రీ చదువుచున్న ఆమె కుమార్తె, మేనమామ వాడి విడిచిన ల్యాప్‌టాపులో పాఠములు వినుచుండెను. పాఠము నడుమ మాటిమాటికి నెట్టు తెగుచుండెడిది. ఒక అంగడివాడు దానిని త్రిప్పి చూచి, "మదర్‌బోర్డే పోయినదమ్మా, ఇక దీనిమీద డబ్బు పెట్టకండి" అని చెప్పి, పదునెనిమిదివేలకు వాడిన ల్యాప్‌టాపు నొకటి చూపెను. ఆ తల్లి చీటీపాట పాడి యా సొమ్ము తెచ్చుటకు సిద్ధపడెను. అది కుట్టుయంత్రమునకు మోటారు బిగించుకొనవలెనని రెండేండ్లుగా కట్టుచున్న చీటీ.

మేము ఫోనును తీగతో ఆ ల్యాప్‌టాపునకు తగిలించి, ఫోనులోని నెట్టునే యూఎస్‌బీ టెథరింగు ద్వారా ఇచ్చి చూచితిమి. గంటన్నర పాఠము ఒక్కమారైన తెగలేదు. మదర్‌బోర్డు పోయినదే యైనచో నిట్లు నడచునా? తీగతో నడచి గాలిలో నడవనిచో, లోపము కార్డునందో, దానికి తగిలించిన తీగలయందో, రూటరుయందో యుండవలయును. అదే గదిలో అదే రూటరుతో ఫోను నిరాటంకముగా పనిచేయుచుండెను గనుక రూటరును తప్పించితిమి. కార్డు పేరు చూడగా అది 2.4 గిగాహెర్ట్జుల దారి మాత్రమే యెరిగినది. ఆ వీధిలోని రూటరులన్నియు క్రిక్కిరిసిన దారియు నదియే.

కార్డు కొనుటయందే యెక్కువ జాగరూకత కావలయును. 2014 ప్రాంతమువరకు వచ్చిన ల్యాప్‌టాపులలో సాధారణముగా మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ అను స్లాటుండును. దాని సగము కొలత కార్డు 30 మిల్లీమీటర్ల వెడల్పు, ఇంచుమించు 27 మిల్లీమీటర్ల పొడవు. తరువాతివానిలో ఎం.2 అను స్లాటు, 22 వెడల్పు, 30 పొడవు గల కార్డు. ఒకటి రెండవదానిలో దూరదు. ఎం.2లోనే మరియొక చిక్కు గలదు. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్201 అనునవి కవలపిల్లలవలె నుండును. కాని రెండవదాని పనిలో కొంతభాగము ల్యాప్‌టాపుయొక్క ప్రాసెసరు, చిప్‌సెట్లు చేయవలసి యుండుటచే పాత యంత్రములలో నది పనిచేయదు. ఒక్క అంకె తేడాతో సొమ్ము వృథా యగును. మిక్కిలి పలుచని ల్యాప్‌టాపులలో కొన్నిటికి కార్డును బోర్డుకే అతికియుందురు. అట్టివారును, విప్పుటకు వెరచువారును, యూఎస్‌బీకి తగిలించు చిన్న వైఫై పరికరము కొనుట మేలు. అందులో చిన్నతన మేమియు లేదు. ప్రక్కకు పొడుచుకొని యుండి పిల్లల మోచేతికి విరుగుననుటయే దాని లోపము.

ఇక అన్నిటికంటె వింతయైన సంగతి. కొన్ని కంపెనీల పాత ల్యాప్‌టాపులలో, యంత్రము మేల్కొనగనే బయాస్ అను లోపలి కావలివాడు కార్డును పరీక్షించును. తన పట్టికలోని కార్డు కానిచో, అనుమతి లేని కార్డు పెట్టితిరని తెరపై వ్రాసి, ముందుకు సాగనీయడు. అశోకవనమున సీతమ్మ హనుమంతుని చూచిన వెంటనే నమ్మలేదు. రామముద్రిక చూపిన పిదపనే నమ్మినది. ఈ కావలివాడును ముద్రిక నడుగును. ఎట్టి కార్డుల కా ముద్రిక కలదో కంపెనీవారి మరమ్మతు గ్రంథములో భాగముల సంఖ్యలతో నుండును; అది నెట్టులో ఉచితముగా దొరకును. మేము ముందుగా నది చదివి, ఆ సంఖ్య గల వాడిన కార్డునే తెప్పించితిమి. వెయ్యి రూపాయలలోపే యైనది. కావలివానినే మార్చివేయు మార్పుడు బయాసులు కొందరు ఎక్కింతురు. అది తప్పినచో యంత్రమే చచ్చును గనుక మేము సమ్మతింపము.

అమర్చునప్పుడు ల్యాప్‌టాపును పూర్తిగా ఆర్పి, చార్జరు తీగ తీసి, బ్యాటరీని వేరుచేసి, మీటను పది క్షణములు నొక్కి పట్టుడు. మిగిలిన విద్యుత్తు పోవును. బ్యాటరీ లోపలనే యున్నచో మూత తీసినవెంటనే దాని తగులును ఊడదీయవలయును. పట్టుచీర, నైలాను చీర కట్టుకొని యీ పనికి కూర్చుండకుడు. రాపిడిచే పుట్టు విద్యుత్తు మనకు చురుక్కుమనిపించును, కార్డును చంపును. నూలుచీర కట్టి, ఒకమారు ఇనుప బీరువాను ముట్టి వచ్చుట మంచిది. మరలు ఒక్కొక్కటి యొక్కొక్క పొడవుండును గనుక, కాగితముపై ల్యాప్‌టాపు అడుగు బొమ్మ గీచి, ఏ చోటి మరను ఆ చోటనే గ్రుచ్చి యుంచుడు.

కార్డుమీద రెండు సన్నని తీగలు గుండీలవలె తగిలియుండును. అవి తెర చుట్టును పాకి వచ్చిన యాంటెన్నా తీగలు. వానిలో నొకటి ప్రధానము, రెండవది సహాయకము. వాని స్థానములను ఫోనులో బొమ్మ తీసికొని, గోటితో తిన్నగా పైకి లేపుడు. ప్రక్కకు లాగినచో తెగును. ఆ గుండీలు ముప్పది మారులు తగిలించుటకు లెక్కకట్టి చేసినవి గనుక ఆటవలె తీసి పెట్టరాదు. మర విప్పగనే కార్డు తనంతట వాలుగా లేచును. క్రొత్తదానిని ఆ వాలులోనే స్లాటులోనికి త్రోసి, అణచి, మర బిగించి, గుండీల నమర్చుడు. సరిగా కూర్చున్నప్పుడు వ్రేలికి చిన్న టక్కు తెలియును. ఎం.2 కార్డుల గుండీలు ఇంకను చిన్నవి. పాత తీగ వానికి పట్టదు.

కార్డు కూర్చున్నను దాని భాష యంత్రమునకు తెలియవలయును. ఆ దుబాసియే డ్రైవరు. నెట్టు లేనిదే డ్రైవరు రాదు, డ్రైవరు లేనిదే నెట్టు రాదు. కనుక ముందుగనే పెన్‌డ్రైవులో దింపి యుంచుకొనవలెను, లేదా పైన జెప్పిన ఫోను తీగను వాడవలెను. విండోసులో డివైస్ మేనేజరు తెరచి, కార్డు పేరుప్రక్క పసుపు గురుతు లేనిచో డ్రైవరు కుదిరినట్లే. పేరు తెలియని కార్డు ఆనవాలులో 8086 అని యున్నచో ఇంటెల్, 10ఈసీ అని యున్నచో రియల్‌టెక్ వారిది. తరువాత ఆ కార్డు గుణములలో 5 గిగాహెర్ట్జులకు ప్రాధాన్యము నిచ్చి, విద్యుత్తు పొదుపునకై కార్డును ఆర్పవచ్చునను గడిలోని గుర్తును తీసివేయుడు. నడుమ నడుమ తెగుటకు ఆ గుర్తే కారణమగుట గలదు. వైఫై కలిసినట్లే చూపి పుటలు తెరువబడనిచో ఐపీ చిరునామా చూడుడు. అది 169.254 అని మొదలిడినచో, రూటరు వీధితలుపు తీసినదే గాని లోపల పీట వేయలేదన్నమాట. సాధారణముగా రూటరు నొకమారు ఆర్పి వెలిగించినచో సరియగును.

ఆ పిల్ల ల్యాప్‌టాపు ఆ సాయంకాలమే 5 గిగాహెర్ట్జుల దారి పట్టినది. తల్లి చీటీ పాడలేదు.

మరియొక ముఖ్యవిషయము. విండోస్ 7కు కంపెనీవారి రక్షణ 2020 జనవరి 14తో ముగిసినది, విండోస్ 10కి సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. నెట్టు బాగుపడిన పాత యంత్రముతో బ్యాంకు పనులు చేయదలచినచో ఈ సంగతి మరువరాదు. విండోస్ 11 పట్టని యంత్రమునకు లినక్స్ మింట్ వంటిది ఉచితముగా ఎక్కించుకొనవచ్చును. ఇంటెల్ పాత కార్డులకు అందులో డ్రైవరు వెదకు పనియే సాధారణముగా నుండదు. ఏఎక్స్200కు మాత్రము లినక్స్ కెర్నెలు 5.1 గాని, తరువాతిది గాని యుండవలయును.

తీసిన పాత కార్డును పారవేయకుడు. కాగితములో చుట్టి, పైన ల్యాప్‌టాపు పేరును తేదీని వ్రాసి, ఇంటి తాళపుచెవుల డబ్బాలో నుంచుడు. క్రొత్తది మొండికెత్తిననాడు, లోపము దానిదో కాదో తేల్చుటకు అదియే పనికివచ్చును.