ఆనాపానస్మృతి, హృదయారోగ్యం: పరిశోధనలు తేల్చినదెంత?

శ్రావస్తిలోని పూర్వారామంలో, మిగారమాత ప్రాసాదం వద్ద, ఒక పున్నమి రాత్రి బుద్ధుడు భిక్షుసంఘానికి శ్వాసపై స్మృతిని నిలిపే విధానాన్ని బోధించాడని మజ్ఝిమ నికాయంలోని 118వ సుత్తం తెలుపుతుంది. ఆ బోధ దుఃఖవిముక్తిని లక్ష్యంగా చేసుకున్నది. రక్తపోటు ప్రస్తావన అందులో లేదు. అయితే గడచిన కొన్ని దశాబ్దాలుగా శ్వాససాధనలు ప్రయోగశాలల్లోకి, ఆసుపత్రుల్లోకి ప్రవేశించాయి. వాటి ప్రభావం గురించి అతిశయోక్తులూ పెరిగాయి. పరిశోధనలు నిజంగా ఏమి చూపాయో, ఎక్కడ ఆగాయో తెలుసుకోవడం సాధకులకూ, హృద్రోగులకూ అవసరం.

ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయానికి చెందిన లూసియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనం బౌద్ధ పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తికరం. ఆరోగ్యవంతులైన 23 మందిచేత పరిశోధకులు క్రైస్తవుల జపమాల ప్రార్థనను లాటిన్‌లోనూ, అవలోకితేశ్వరుని షడక్షరీ మంత్రాన్నీ పఠింపజేశారు. రెండు సందర్భాల్లోనూ శ్వాస నిమిషానికి సుమారు ఆరుసార్లకు తగ్గింది. గుండె లయలో, రక్తపీడనంలో సహజంగా కనిపించే ఆవృత్తులు ఏకతాళంలోకి వచ్చి బలపడ్డాయి. భాషలు వేరు, విశ్వాసాలు వేరు. ఫలితం మాత్రం ఒక్కటే. దీనికి మూలం పఠనం వల్ల ఏర్పడిన శ్వాసవేగమేనని పరిశోధకులు భావించారు.

నిమిషానికి ఆరు శ్వాసలకే ఈ ప్రత్యేకత ఎందుకు? విశ్రాంతిలో ఉన్న వయోజనుడు సాధారణంగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తాడు. ఉచ్ఛ్వాసలో గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, నిశ్వాసలో తగ్గుతుంది. ఈ తగ్గుదలను వేగస్ నాడి నడిపిస్తుంది. మరోవైపు, మెడలోని కెరోటిడ్ ధమనిలోనూ, బృహద్ధమని వంపులోనూ రక్తపీడనాన్ని గుర్తించే గ్రాహకాలున్నాయి. పీడనం పెరిగితే అవి మెదడుకు సంకేతం పంపుతాయి. గుండె నెమ్మదిస్తుంది, రక్తనాళాలు సడలుతాయి. ఈ ప్రతీకార చర్యనే బారోరిఫ్లెక్స్ అంటారు. రక్తపీడనంలో సుమారు పది సెకన్లకొకసారి ఒక సహజ తరంగం లేచి పడుతుంది. నిమిషానికి ఆరు శ్వాసలంటే ఒక్కో శ్వాసకు పది సెకన్లు. రెండు లయలూ కలిసినప్పుడు, ఊయల లయకు అనుగుణంగా ఊపినట్లు, వాటి కదలిక పెద్దదవుతుంది. పీడనాన్ని సరిదిద్దే ఆ ప్రతీకార చర్య చురుకుదనం పెరుగుతుంది. రక్తపోటు ఉన్నవారిలో, గుండె వైఫల్యంతో బాధపడేవారిలో మందగించేది ఈ చురుకుదనమే.

అందుకే తరువాతి ప్రయోగాలు రోగులపై సాగాయి. దీర్ఘకాలిక గుండె వైఫల్యం ఉన్నవారిలోనూ నెమ్మదైన శ్వాస బారోరిఫ్లెక్స్‌ను మెరుగుపరచిందని 2002లో అదే బృందం సర్క్యులేషన్ పత్రికలో తెలిపింది. అధిక రక్తపోటు ఉన్న 20 మందిపై జరిపిన మరో అధ్యయనం 2005లో వెలువడింది. నెమ్మదిగా శ్వాసిస్తున్న సమయంలో వారి సిస్టాలిక్ పీడనం సగటున ఎనిమిది మిల్లీమీటర్లకు పైగా తగ్గింది. కాని ఇవి కొద్దిమందిపై, కొద్ది నిమిషాలపాటు చేసిన కొలతలు. శ్వాస నెమ్మదించినంతసేపు పీడనం తగ్గడం వేరు, ఏళ్ల తరబడి గుండెపోటును నివారించడం వేరు.

ఈ రెండవ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న పెద్ద ప్రయత్నం మన దేశంలోనే జరిగింది. యోగ-కేర్ అనే పరీక్షలో 24 ఆసుపత్రులకు చెందిన 3,959 మంది గుండెపోటు రోగులు పాల్గొన్నారు. వారిని యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి మూడు నెలల్లో 13 శిక్షణ తరగతుల ద్వారా ఆసనాలు, శ్వాససాధన, ధ్యానం నేర్పారు. రెండవ వర్గానికి ఆరోగ్య సలహాలు ఇచ్చారు. మందులు ఇరువురికీ కొనసాగాయి. 2020లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం అన్నీ కలిపి యోగ వర్గంలో 6.7 శాతం, రెండవ వర్గంలో 7.4 శాతం. ఈ స్వల్ప వ్యత్యాసం కాకతాళీయం కావచ్చు. అనుకున్నదానికంటే తక్కువ సంఘటనలు నమోదు కావడం వల్ల పరీక్ష నిర్ణయాత్మకం కాలేకపోయింది. అయితే తమ ఆరోగ్యం మెరుగుపడిందన్న భావన, మునుపటి పనులకు తిరిగి వెళ్లగలగడం యోగ వర్గంలో స్పష్టంగా ఎక్కువ. గుండెపోటు తరువాత భయంతో ఇంటికే పరిమితమైనవారికి ఇది చిన్న మేలు కాదు. ప్రాణరక్షణ నిరూపితమైందని మాత్రం దీన్నిబట్టి చెప్పలేము.

ఇక్కడ బౌద్ధ సంప్రదాయం చేసే ఒక భేదాన్ని గమనించాలి. పై ప్రయోగాలలో శ్వాసవేగం మారింది, లేదా మార్చబడింది. ఆనాపానస్మృతిలో శ్వాసను శాసించడం లేదు. దీర్ఘమైతే దీర్ఘమని, హ్రస్వమైతే హ్రస్వమని ఎరుకతో తెలుసుకోవడమే ఆరంభం. పదహారు అంచెలలో నాలుగవది కాయసంస్కారాన్ని శాంతింపజేయడం. కాయసంస్కారమంటే ఉచ్ఛ్వాస నిశ్వాసలేనని చూళవేదల్ల సుత్తంలో ధమ్మదిన్న భిక్షుణి వివరిస్తుంది. అంటే శ్వాస నెమ్మదించడం ఎరుకను అనుసరించి రావాలి. బలవంతంగా శ్వాసను బంధించే తపస్సును బోధిసత్త్వుడు ఆచరించి, తీవ్రవేదన అనుభవించి, చివరకు విడిచిపెట్టాడని మహాసచ్చక సుత్తం చెబుతుంది. హృద్రోగులకు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి దీర్ఘ కుంభకం, వేగవంతమైన భస్త్రిక తగవని నేటి శిక్షకులూ హెచ్చరిస్తారు.

వ్యాధిగ్రస్తుడైన గిరిమానందునికి వినిపించమని బుద్ధుడు ఆనందునికి బోధించిన పది సంజ్ఞలలో చివరిది ఆనాపానస్మృతి. ఆ బుద్ధుడే తన దేహం అస్వస్థమైనప్పుడు జీవకుడిచ్చిన ఔషధాన్ని స్వీకరించాడని వినయపిటకం నమోదు చేసింది. ఒకటి మరొకదానికి అడ్డు రాలేదు. రోజూ కొంతసేపు ప్రశాంతంగా శ్వాసను గమనించేవారు వైద్యుడు రాసిన మాత్రను మానవలసిన పని లేదు, మానరాదు కూడా. ఛాతీలో నొప్పి మొదలైన క్షణంలో చేరవలసిన చోటు ధ్యానమందిరం కాదు, ఆసుపత్రి. ఆ వివేకం కూడా స్మృతిలో భాగమే.