ఆరో నెల నిండిన శిశువుకు ఇనుము అందేదెలా?

ఆరో నెలలో అన్నప్రాశన చేయడం అనేక తెలుగు కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న ఆచారం. శిశువు శరీరంలోని ఇనుము నిల్వలు తరిగిపోయే సమయం కూడా ఇంచుమించు అదే. గర్భంలో ఉండగా తల్లి నుంచి అందిన ఇనుము, నెలలు నిండి తగిన బరువుతో పుట్టిన బిడ్డకు సుమారు ఆరు నెలల వరకు సరిపోతుంది. నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టిన వారిలో ఆ నిల్వ మరింత త్వరగా అడుగంటుతుంది. తల్లిపాలలోని ఇనుము తేలికగా ఒంటబట్టినా దాని పరిమాణం స్వల్పం. కనుక ఆ లోటును ప్రధానంగా భర్తీ చేయవలసింది అనుబంధాహారమే.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 6 నుంచి 59 నెలల వయసు పిల్లల్లో 67.1 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. అంతకుముందు సర్వేలో ఇది 58.6 శాతం. తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం పిల్లలది ఇదే పరిస్థితి. రక్తహీనతకు గల ప్రధాన కారణాల్లో ఇనుము లోపం ఒకటి. మెదడు వేగంగా ఎదిగే తొలి రెండేళ్లలో ఈ లోపం తలెత్తితే, దాని ప్రభావాన్ని తరువాతి చికిత్సతో పూర్తిగా సరిదిద్దడం కష్టం కావచ్చు.

చిక్కు ఎక్కడంటే, తొలి ముద్దలుగా పెట్టే పాలన్నం, గంజి, పప్పుకట్టులో ఇనుము చాలా తక్కువ. ఆవుపాలు, గేదెపాలలోనూ అంతే. ఏడాది నిండకముందే వాటిని ప్రధాన ఆహారంగా ఇస్తే, కడుపు నిండినా ఇనుము అందదు.

పప్పుకట్టుకు బదులు మెత్తగా మెదిపిన పప్పును, చెంచా వంచినా జారిపోనంత చిక్కగా పెట్టాలి. రాగి జావ మంచిదే అయినా దాని ప్రత్యేకత కాల్షియం; ఇనుము విషయంలో సజ్జలు మెరుగు. ధాన్యాలను, పెసలను నానబెట్టి మొలకెత్తిస్తే, ఇనుమును ఒంటికి పట్టనీయని ఫైటేట్లు తగ్గుతాయి. ఉడికించిన పప్పు చల్లారాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని విటమిన్ సి ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. పసిపిల్లలకు టీ తాగించడం అందుకు పూర్తిగా విరుద్ధం. మాంసాహారం తినే కుటుంబాల్లో బాగా ఉడికించి మెత్తగా చేసిన మాంసం, ముళ్లు తీసిన చేప, వారానికోసారి కొద్దిగా కార్జం పెట్టవచ్చు. వాటిలోని ఇనుము శాకాహారంలోని దానికన్నా సులభంగా శరీరానికి చేరుతుంది.

ఆహారంతో పాటు మందు కూడా అవసరమే. 2018లో ప్రారంభమైన 'అనీమియా ముక్త్ భారత్' కార్యక్రమం కింద 6 నుంచి 59 నెలల పిల్లలకు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఐరన్ ఫోలిక్ యాసిడ్ సిరప్ ఇస్తారు. మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. సిరప్ వాడినప్పుడు మలం నల్లగా రావడం సహజం. ఆ కారణంతో మానేయనక్కరలేదు. జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడు, తలసేమియా ఉన్న పిల్లల విషయంలో మాత్రం వైద్యుల సలహా తప్పనిసరి. మోతాదు మించితే ప్రాణాపాయం కనుక సీసాను పిల్లలకు అందనివ్వకూడదు.

తల్లిపాలను రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. బిడ్డ పాలిపోయినట్లు, నీరసంగా కనిపించినా, ఆకలి మందగించినా సమీప ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం మేలు.