మూతికి చిక్కం

ఏమమ్మీ, రాత్రి నోటికి టేపు అంటించుకుని పడుకుంటే గురక పోతుందని, మొహం నిగనిగలాడుతుందని ఫోన్‌లో ఎవరో చెప్పారన్నావు. మందుల షాపులో తెల్లటేపు చుట్ట అగ్గువకే దొరుకుతుంది కాబట్టి చేసి చూడాలని నీకు తొందరగా ఉంది. ముందు ఈ జేజినాయన మాట కాసేపు విను.

మన చేలల్లో గుంటక తోలేటప్పుడు ఎద్దు పైరు మెయ్యకుండా మూతికి చిక్కం కడతారు కదా. చిక్కం అంటే తాడుతో అల్లిన వల. మేత అందదు గానీ గాలికి అడ్డం లేదు. నువ్వు చెప్పే టేపుకు ఆ సందులు ఉండవు. అందుకని టేపు సంగతి తరువాత చూద్దాం. నిద్రలో నోరు ఎందుకు తెరుచుకుంటోందో ముందు అది తేలాలి.

నోరు తెరిచి పీలిస్తే ముక్కు చేసే పని తప్పిపోతుంది. ఆ పనితనం చూడాలంటే ఆళ్లగడ్డ శిల్పుల షెడ్ల దగ్గర కాసేపు నిలబడాలి. అహోబిలం పోయేవాళ్లు బస్సు మారే ఊరు అది. అక్కడి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పూర్వం ఉలి, సుత్తె చప్పుడే వినిపించేది. ఇప్పుడు కరెంటు మిషన్ రాయిని తాకగానే దుమ్ము బుస్సున లేస్తుంది. సాయంత్రానికి శిల్పి కనురెప్పలు, చెవుల మీది జుట్టు తెల్లబారి ఉంటాయి. మొహానికి కట్టిన తువ్వాలు విప్పి ముక్కు చీదితే వచ్చేది బురదే. ముక్కులోని వెంట్రుకలు, లోపలి వంకర మడతలు, వాటి మీది జిగురు పొర కలిసి పెద్ద రేణువులను అక్కడే పట్టేస్తాయి. 10 మైక్రాన్లు దాటినవి ఊపిరితిత్తుల దాకా పోవడం అరుదు. నోటి దారిలో ఈ ఏర్పాటు లేదు. అయితే ముక్కుకూ ఒక హద్దు ఉంది. 5 మైక్రాన్లకు లోపుండే సన్నటి రాతిధూళి దాన్ని దాటిపోతుంది, ఏళ్ల తరబడి పేరుకుని సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. అందుకే తువ్వాలు చాలదు, మంచి మాస్కు కావాలి, రాయిని తడుపుతూ కొయ్యాలి. ఇది వేరే కథ, ఇంకో రోజు చెబుతా.

మనిషి రోజుకు సుమారు 10,000 లీటర్ల గాలి పీలుస్తాడు. మే నెలలో నంద్యాల ఎండ 44, 45 డిగ్రీలకు పోయినప్పుడు ఆ గాలిలో తడి ఉండదు, ముక్కే తడిపి లోపలికి పంపుతుంది. కార్తీక మాసంలో మహానంది కోనేటి మెట్ల మీద తెల్లవారుజామున చలిగాలి తగిలితే వెచ్చబెట్టి పంపుతుంది. నోరు తెరిచి పడుకున్నవాళ్లకు తెల్లారేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది, గొంతు గరగరలాడేది అందుకే. ఉమ్మి ఆరిపోతే నోరు కంపు కొడుతుంది, పళ్లు కూడా తొందరగా పుచ్చుతాయి.

ముక్కు చుట్టూ ఎముకల్లో సైనస్‌లని గాలి గదులున్నాయి. అవి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తాయని 1990లలో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ వాళ్లు చూపించారు. రక్తనాళాలను వదులు చేసే వాయువు అది. ఆ గుణం కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు. ముక్కుతో పీలిస్తే అది గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగి, ఆక్సిజన్ రక్తంలో కలవడానికి సాయపడుతుంది. నోరు మూసుకుని తుమ్మెదలా ఝుంకారం చేస్తే ముక్కులో ఈ వాయువు 15 రెట్ల దాకా పెరుగుతుందని ఆ స్వీడన్ వాళ్లే 2002లో లెక్కగట్టారు. మీ జేజి పొద్దున్నే కూర్చుని చేసే భ్రామరి ప్రాణాయామంలో అంత సంగతి ఉంది మరి!

ఇంతవరకు ముక్కు గొప్పే, టేపు గొప్ప కాదు. నోరు మూసుకుని పడుకోండి బాబూ అని జార్జ్ కాట్లిన్ అనే అమెరికా చిత్రకారుడు 1860లలోనే పుస్తకం రాశాడు. ఇప్పటి టేపు భక్తులు దానికి దవడ అందం, చర్మం మెరుపు కూడా తగిలించారు. వాటికి ఆధారం ఎవరూ చూపలేదు, నేను నమ్మను.

గురక మాటకొస్తే కొంత ఉంది. 2022లో తైవాన్‌లో నోటితో గాలి పీల్చే అలవాటుండి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కొద్దిగా ఉన్న 20 మందికి టేపు వేసి చూశారు. గంటకు 8 సార్లు ఆగే ఊపిరి 5 సార్లకు తగ్గింది, గురక కూడా తగ్గింది. ఆ 20 మందికీ ముక్కు బాగానే ఆడుతోందని మరిచిపోకు. 2024లో అమెరికాలో 54 మంది నిద్రలో ఉండగా నోరు మూసి చూస్తే కొందరికి గాలి బాగా ఆడింది. ఎక్కువగా నోటితోనే పీల్చేవాళ్లు అందులో ఐదో వంతు మంది. వాళ్లకు గాలి తగ్గిపోయింది. లోపల దారి మూసుకుపోయి ఉంది కాబట్టే వాళ్లు నోరు తెరుస్తున్నారు. తెరిచి ఉన్న ఆ ఒక్క దారినీ టేపు మూసేసింది. 2025లో కెనడా పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 10 పరిశోధనలు కలిపి చూస్తే, అన్నిట్లో కలిసి 213 మందే తేలారు. లాభం అంతంతమాత్రం, ముక్కు మూసుకుపోయినవాళ్లకు ఊపిరాడని ప్రమాదం ఉందని వాళ్లు రాశారు.

నీ ముక్కు సంగతి తెలియాలంటే స్టీలు పళ్లెం ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి తీసి, ముక్కు కింద అడ్డంగా పట్టుకుని ముక్కుతో ఊపిరి వదులు. రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఒకటి చిన్నదిగా ఉంటే కంగారు పడకు. ముక్కు రంధ్రాలు కొన్ని గంటలకోసారి వంతులు మార్చుకుంటాయి. ఎప్పుడు చూసినా ఒకే పక్క మచ్చ పడకపోతే మాత్రం ముక్కు దూలం వంకరో, లోపల కండ పెరిగిందో, ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. పడిశం పట్టినప్పుడు, మందు తాగినప్పుడు, వాంతి వచ్చేలా ఉన్నప్పుడు టేపు జోలికి పోనేకూడదు. చిన్నపిల్లలకు అసలే వద్దు. నోరు తెరిచి నిద్రపోయే పిల్లలకు చాలాసార్లు ముక్కు వెనకుండే అడినాయిడ్లు అనే కండలు వాచి ఉంటాయి.

ఇక టేపు నీకోసం కాదని, మీ జేజి కోసమని నాకు తెలుసులే. గురక పెడితే సుఖంగా నిద్రపోతున్నారని మనోళ్ల నమ్మకం. మీ జేజి గురక పెడుతూ పెడుతూ ఠక్కున ఆగిపోతుంది. నేను చీకట్లో ఒకటీ రెండూ అని లెక్కపెడతా. తరువాత ఉలిక్కిపడి గుటకేసినట్టు మళ్లీ మొదలుపెడుతుంది. పది సెకన్లు, ఆపైన ఊపిరి ఆగితే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. గంటకు 30 దాటితే జబ్బు ముదిరినట్టే. బీపీ పెరుగుతుంది, గుండెకు చేటు. పగలు కూర్చున్నచోటే కునుకు పడుతుంది. కడప హైవే మీద రాత్రిళ్లు లారీ తోలేవాళ్లలో ఎందరికి ఇది ఉందో తలుచుకుంటేనే భయం. దీనికి టేపు మందు కాదు. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, అవసరమైతే సీపాప్ అనే గాలి యంత్రం. 1981లో సిడ్నీ డాక్టరు కాలిన్ సల్లివన్ చూపించిన దారి అది.

ఈ జబ్బు తేల్చే పరీక్ష కష్టమేమీ కాదు. వేలికి ఒక క్లిప్పు, ముక్కు కింద సన్న గొట్టం, ఛాతీకి పట్టీ పెట్టుకుని ఒక రాత్రి నిద్రపోతే చాలు. నేను చెబితే మీ జేజి, "నేనా గురక పెట్టేది?" అని నా మీదికే వస్తుంది. నీ ఫోన్‌లో ఆ గురక రికార్డు చేసి వినిపించు. సోమవారం పొద్దున ఆసుపత్రికి పోదాం, ఆటో నేను మాట్లాడతా.