శ్రమల బరువు, మహిమ బరువు

విశ్వాసముంటే కష్టములు రావను బోధ నేడు మన సంఘములలో వినబడుచున్నది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పొలములలో వాన తప్పి పైరు ఎండిన విశ్వాసికి అది ఓదార్పు కాదు, మరియొక నింద.

పౌలు తన శ్రమను తేలికైనదనెను (2 కొరింథీ 4:17). అది కొద్దిపాటిదని కాదు. అయిదుమారులు కొరడాదెబ్బలు తినెను, మూడుమారులు ఓడ పగిలి శ్రమపడెను (11:24, 25). ‘శ్రమ’కు గ్రీకు మాటయైన ‘థ్లిప్సిస్’కు నొక్కుడు అని అర్థము. మహిమకు హెబ్రీ మాటయైన ‘కాబోద్’ బరువు అను అర్థమునుండి పుట్టినది. పౌలు ఈ రెంటిని త్రాసులో ఉంచెను. నిత్యమహిమ ఎదుట తూచినప్పుడే శ్రమ తేలికగును.

1876–78 కరవులో, అప్పటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలులో క్లౌ దొర ఆకలిగొన్నవారికి బకింగ్‌హాం కాలువ త్రవ్వు పని యిప్పించెను. కాని కూటికొరకు చేరువారుందురని బాప్తిస్మములు ఆపెను. సహాయము నిలిచిపోయిన పిదప, 1878 జూలై 3న ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూడు విశ్వాసమునకు వెల కాదు; పంట విశ్వాసమునకు కొలత కాదు.

కావున కాపరి అప్పుల్లోనున్న యింటికి వెళ్లి, ముందుగా వారి మాట వినవలెను, చేతనైన సాయము చేయవలెను. నిత్యత్వమును గూర్చిన బోధ ఆ తరువాతనే వారికి ఆదరణయగును.